వారంవారం కూరగాయల వాటా: జూన్‌లో డబ్బు కట్టేముందు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీరు నల్లగొండలో టీచర్, ఇంట్లో నలుగురు. తిప్పర్తి వైపు ఆరు రైతు కుటుంబాలు కలిసి గ్రూపు పెట్టుకున్నాయి. జూన్‌లో 8,000 రూపాయలు కడితే 20 వారాల పాటు వారానికి 6 కిలోల కూరగాయలు, 4 కట్టల ఆకుకూరలు ఇస్తామంటున్నారు. ఏ వారం ఏ కూరగాయ వస్తుందో మాత్రం ఇప్పుడే చెప్పలేమంటున్నారు. వాళ్లను నమ్మొచ్చా, రైతుబజార్‌కు పోతే సరిపోదా అని అడిగారు.

నేను ఉద్యానశాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మహబూబ్‌నగర్ దగ్గర ఇలాంటి గ్రూపుకే పంటల ప్రణాళిక వేసిపెడుతుంటాను. మా ఇంటికి కూరగాయలు వచ్చేదీ అక్కడి నుంచే. కాబట్టి ఇచ్చేవాళ్ల కష్టం, తీసుకునేవాళ్ల అనుమానం రెండూ నాకు తెలుసు. నా మటుకు నేను చేరమనే చెప్తాను. అయితే డబ్బు కట్టేముందు ఒక ఆదివారం పూట ఆ పొలానికి వెళ్లి రండి. నీళ్లెక్కడివో చూడండి, ఏది ఎప్పుడు విత్తుతారో అడగండి, పంట పోతే ఏంటన్నది కాగితం మీద రాయించుకోండి. ఈ పద్ధతి నిలబడినా కూలినా వీటి దగ్గరే.

మీకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నది ముందే డబ్బు కట్టడం అనుకుంటాను. ఈ ఏర్పాటుకు ప్రాణం అదే. మిర్గం దాటి నాలుగు వానలు పడగానే రైతుకు ఖర్చులన్నీ ఒక్కసారి మీద పడతాయి. దుక్కి, విత్తనాలు, నారు, డ్రిప్పు రిపేర్లు, కూలీలు. అప్పుడు చేతిలో పైసా ఉండదు. నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటాడు, లేదా మార్కెట్లో కమీషన్ ఏజెంట్ దగ్గర అడ్వాన్స్ తీసుకుంటాడు. ఏజెంట్ దగ్గర తీసుకున్నాక పంట ఆయనకే వేయాలి, ఆయన కట్టిన రేటే తీసుకోవాలి. మీలాంటి 30 ఇళ్లవాళ్లు 8,000 చొప్పున కడితే 2,40,000 అవుతుంది, ఆరు కుటుంబాలకు తలా 40,000. వడ్డీ లేని ఆ డబ్బు జూన్‌లో చేతికి రావడానికీ, అదే డబ్బు పంట అమ్మాక నవంబర్‌లో రావడానికీ చాలా తేడా ఉంది.

2024 అక్టోబర్‌లో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన ఒక అధ్యయన పత్రం ప్రకారం, మనం టమాటకు ఇచ్చే రూపాయిలో రైతుకు చేరేది దాదాపు 33 పైసలు. ఉల్లిగడ్డలో 36, ఆలుగడ్డలో 37. మిగిలినదంతా దారిలో పంచుకుంటారు. ఆ దారి తగ్గించుకోవడానికే జపాన్‌లో 1970ల నాటికి ఇళ్లవాళ్లు, రైతులు కలిసి నేరుగా ఇచ్చిపుచ్చుకునే ‘తెయికెయ్’ అనే పొత్తు పద్ధతి మొదలుపెట్టారు. అమెరికాలో 1986లో మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్‌లలో రెండు పొలాలు సీజన్ మొత్తానికీ ముందే వాటాలు అమ్మే పద్ధతి మొదలుపెట్టాయి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన రైతుబజార్లు కూడా దళారీని తప్పించడానికే. కానీ రైతుబజార్‌లో పంట చేతికొచ్చాకే డబ్బు. వాన దెబ్బకొట్టినా, బోరు ఎండినా ఆ నష్టం రైతుదే. మీరు అడిగిన పద్ధతిలో ఆ సీజన్ మంచిచెడ్డల్లో మీరూ పొత్తు కలుస్తున్నారు. ఇది మనసుకు పట్టిన తర్వాతే డబ్బు కట్టండి. పట్టకుండా కడితే మూడో వారానికే గొడవలొస్తాయి.

ఇక ధర. 8,000ను 20తో భాగిస్తే వారానికి 400. ఆకుకూర కట్టకు 15 వేసుకుని 60 తీసేస్తే, కూరగాయలు కిలో 57 దాకా పడుతున్నాయి. పంట బాగా వచ్చే నెలల్లో రైతుబజార్‌లో ఇంతకంటే చవగ్గా దొరుకుతాయి, అది దాచాల్సిన పని లేదు. కొరత వచ్చిన నెలల్లో తిరగబడుతుంది. 2023 జూలైలో టమాట కిలో 150 దాటింది గుర్తుందా? అలాంటప్పుడు కూడా మీకు అదే లెక్క. అయితే అదే నెలలో రైతుకు మనసు మార్కెట్ వైపు లాగుతుంది, అది సహజం. అందుకే వాళ్లను ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: సభ్యులకు ఇవ్వగా మిగిలిన పంట ఎక్కడ అమ్ముతారు, ముందు ఎవరికి కోస్తారు? 30 ఇళ్లకు వారానికి కావలసింది 180 కిలోలే, ఆరు కుటుంబాలు కలిసి వేస్తే అంతకంటే చాలానే పండుతుంది. కోసిన దాంట్లో ముందు సభ్యుల బుట్టలు నింపి మిగిలింది మార్కెట్‌కు తోలేవాళ్లయితే మంచిది. మార్కెట్‌కు మంచి సరుకు పంపి మిగిలింది మీకిచ్చేవాళ్లయితే వద్దు.

నీళ్ల సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి, మనది నల్లగొండ కాబట్టి. పొలంలో అడుగుపెట్టగానే మడులు చూడకండి, ముందు బోరు దగ్గరికి పోండి. ‘రెండించుల నీళ్లున్నయి’ అంటారు. అది వానాకాలం మాట. ఏప్రిల్‌లో మోటారు ఆగకుండా ఎన్ని గంటలు పోస్తుందో అడగండి. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలయ్యాక చాలాచోట్ల బోర్లు విరామం లేకుండా తోడేశారు. అప్పుడు ఆరు గంటలు పోసిన బోరు ఇప్పుడు గంటకే గాలి కొడుతుంటుంది. తిప్పర్తి వైపు కొంత భూమికి కాలువ నీళ్లు అందుతాయి. వీళ్ల పొలం కాలువ కిందా, బోరు కిందా, రెండూ ఉన్నాయా కనుక్కోండి. మీది ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా వచ్చే వాటా కాబట్టి బోరు మోస్తరుగా ఉన్నా నడుస్తుంది. ఎండాకాలం వాటాకు ఎవరైనా అడిగితే మాత్రం బోరు చూడకుండా పైసా కట్టకండి.

ఆకుకూరలకు మూసీ నీళ్లు పారుతున్నాయేమో కూడా అడగండి. తిప్పర్తి మూసీ గట్టున లేదు, కాబట్టి మీ గ్రూపుకు ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు. కానీ రేపు పోచంపల్లి, వలిగొండ వైపు నుంచి ఇంకో గ్రూపు వస్తే ఇది గుర్తుండాలి. హైదరాబాద్ మురుగంతా మోసుకొచ్చే నీళ్లతో పెంచిన పాలకూర పిల్లలకు పెట్టమని నేను చెప్పను.

ఫ్లోరైడ్ గురించి నన్ను చాలామంది అడుగుతారు, మీ మనసులోనూ ఉండే ఉంటుంది. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు పారిస్తే మొక్కలు కొంత తీసుకుంటాయి, కాయల్లో కంటే ఆకుల్లో ఎక్కువ చేరుతుంది. అయినా మన ఒంట్లోకి ప్రధానంగా పోయేది తాగే నీళ్ల నుంచి, వంట నీళ్ల నుంచే. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 వరకు ఫర్వాలేదనీ మన దేశపు ప్రమాణం. ఇంట్లో భగీరథ నీళ్లో, కృష్ణా నీళ్లో వాడుకుంటూ బోరు కింద పండిన బీరకాయ తింటే భయపడాల్సింది లేదు. బోరు నీళ్లే తాగుతూ, అవే నీళ్లతో పప్పు ఉడికిస్తుంటే ముందు దాన్ని మార్చుకోండి. కూరగాయల సంగతి తర్వాత.

ఏ వారం ఏది వస్తుందో చెప్పలేమన్నారంటే అందులో నిజాయితీ ఉంది. కానీ ఏది ఎప్పుడు విత్తుతారో చెప్పలేమంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ లెక్క వాళ్ల నోట రావాలి. జూన్ రెండో వారంలో విత్తిన తోటకూర, పాలకూర నెలలోపు కోతకొస్తాయి. బెండ నలభై ఐదు రోజులకు మొదలవుతుంది, బీర, గోకర ఇంకో పది రోజులు అటూ ఇటూ. టమాట, వంకాయ నారు పోయడానికే నాలుగు వారాలు, నాటాక ఇంకో రెండు నెలలు. అందుకే బుట్ట ఆగస్టు మొదట్లో మొదలవ్వాలి. జూన్‌లో డబ్బు కట్టి జూన్‌లోనే టమాట, వంకాయ బుట్టలో వస్తున్నాయంటే అవి వేరే ఎక్కడి నుంచో కొనుక్కొచ్చినవి. ఇంకో సంగతి, ఒకేసారి ఎకరం బెండ వేస్తే మూడు వారాలు బెండలో మునిగిపోయి తర్వాత ఒక్క కాయ కూడా ఉండదు. పదిహేను రోజులకోసారి కొన్ని కొన్ని సాళ్లు విత్తుతున్నారా అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో ఆ గ్రూపుకు పని తెలుసో లేదో తేలిపోతుంది.

ఈ లెక్కన మీ ఇంటికి వచ్చేది సుమారుగా ఇలా ఉంటుంది. ఆగస్టులో బెండ, గోకర, బీర, పుంటికూర, తోటకూర, ఒకటి రెండు వారాలు పచ్చి మక్క కంకులు. ఆ ప్రాంతంలో దొరికితే బోడకాకర కూడా, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి, కిలో లెక్కన అది వేరే లోకం. సెప్టెంబర్ ముసురుకు ఆకుకూరలు కుళ్లుతాయి, బెండకు పల్లాకు తెగులు వస్తుంది, బుట్ట పలచబడేది అప్పుడే. బతుకమ్మ నాటికి సొర, దోస, బీర నిండుగా ఉంటాయి. టమాట సాళ్ల మధ్య కాయతొలుచు పురుగును ఆకర్షించడానికి బంతి వేస్తారు, పదహారు సాళ్లకు ఒక సాలు బంతి అని మేం చెప్పేవాళ్లం. ఆ పూలు సభ్యులకు ఇస్తారేమో అడిగి చూడండి, మా దగ్గర ఇస్తారు. అక్టోబర్ నుంచి వంకాయ, టమాట, తర్వాత చిక్కుడు. నవంబర్, డిసెంబర్లలో మెంతికూర, కొత్తిమీర, అనపకాయలు, పచ్చి కందికాయలు. వానాకాలం చివర్లో సీతాఫలాలు వస్తాయి. మనం బజార్‌లో కొనే సీతాఫలంలో పేరున్న రకం బాలానగర్‌ది, అది మన మహబూబ్‌నగర్ జిల్లాలోని బాలానగర్ పేరే. గట్ల మీద చెట్లుంటే అవి కూడా వాటాలో ఇస్తారా అని మాట్లాడుకోండి.

ఇందులో క్యారెట్, బీన్స్, ఆలుగడ్డ లేవు. చల్లని చోట పండేవి అవి. సెప్టెంబర్‌లో తిప్పర్తి పొలం నుంచి క్యారెట్ వచ్చిందంటే అది మార్కెట్ క్యారెట్. కొన్ని గ్రూపులు సభ్యులు అలుగుతారని బయట కొని కలుపుతాయి. చెప్పి కలిపితే ఒక పద్ధతి. చెప్పకుండా కలిపేవాళ్లు ‘మా పొలంలోనే పండింది’ అన్న మాటకు విలువ లేకుండా చేస్తారు. బయట కొన్నది ఏదైనా విడిగా చెప్తారా అని ముందే అడగండి.

ఆ ఆరు కిలోలతో మీ ఇల్లు గడవదు, ఇది కూడా తెలుసుకుని చేరండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు మనిషికి 400 గ్రాముల కూరగాయలు తినమంది. నలుగురికి వారానికి 11 కిలోలు. పిల్లలకు కాస్త తగ్గించుకున్నా బుట్ట మీ అవసరంలో సగం కంటే కొంచెం ఎక్కువ. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, అల్లం వెల్లుల్లి ఎలాగూ బయటే. కాబట్టి రైతుబజార్ మానేయక్కర్లేదు, ఆదివారం సంచి కాస్త తేలికవుతుంది అంతే.

మందులు కొట్టనివి అంటున్నారా? మీ ప్రశ్నలో ఆ మాట లేదు, అందుకే అడుగుతున్నాను. దగ్గర్లో పండినంత మాత్రాన మందులు లేనివని కాదు. ఆర్గానిక్ అని చెప్పుకుంటే పీజీఎస్ కాగితం చూపించమనండి. ఆర్గానిక్ పంటని ధ్రువీకరించడానికి కేంద్ర వ్యవసాయశాఖ 2011 నుంచి నడుపుతున్న పద్ధతి అది. కనీసం ఐదుగురు రైతులు గ్రూపుగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుంటారు. ‘పీజీఎస్ గ్రీన్’ అని ఉంటే ఇంకా మారుతున్న దశలో ఉన్నారని, ‘పీజీఎస్ ఆర్గానిక్’ అని ఉంటే పూర్తిగా మారారని అర్థం. ఆరు కుటుంబాలున్నారు కాబట్టి వాళ్లు ఈ గ్రూపు కట్టుకోవచ్చు. కాగితం లేకపోయినా నిజంగా మందులు మానేసినవాళ్లు ఉంటారు. అప్పుడు కాగితానికి బదులు పొలమే చూడాలి. వంకాయ మడిలో మగ పురుగులను వాసనతో లాగి పట్టే లింగాకర్షక బుట్టలు వేలాడుతున్నాయా, పురుగు తొలిచిన కొమ్మ చివర్లు తుంచి పారేస్తున్నారా, షెడ్‌లో వేపగింజల కషాయం తీసే డ్రమ్ము ఉందా, పక్కనే ఏ మందు డబ్బాలు పడి ఉన్నాయి? మీ బుట్టలో పది వంకాయల్లో రెండింటికి పుచ్చు ఉంటే అలగకండి, ఆ ముక్క కోసి పారేసి మిగతాది వండుకోండి. మందులు మానిన మడిలో ఒక్క కాయా పుచ్చు లేకుండా రావడం చాలా కష్టం. పదిలో ఆరు పుచ్చులైతే అది వేరే సంగతి, అది అజాగ్రత్త, చెప్పి తీరాలి.

ఇక కాగితం. పది వాక్యాలు చాలు, తెలుగులోనే రాసుకోండి. బుట్ట ఏ వారం మొదలై ఏ వారం ఆగుతుంది, ఎన్ని కిలోలు, ఎక్కడ తీసుకోవాలి. అసలైనది నష్టం సంగతి. వడగళ్లు పడితే, బోరు ఎండితే, తెగులు వస్తే ఏం చేస్తారు? డబ్బు మొత్తం వాపస్ అడగకండి. ఆ డబ్బు అప్పటికే దుక్కిలో, విత్తనంలో పోయి ఉంటుంది, అలా అడిగితే మీరు పొత్తులో లేనట్టే. దానికి బదులు, తగ్గిన కిలోలకు తర్వాతి వారాల్లో కలిపి ఇవ్వడమో, కందిపప్పు, పెసలు, పల్లీలు ఇవ్వడమో, ఇరవై వారాలను ఇరవై రెండు చేయడమో రాసుకోండి. మా దగ్గర పల్లీలు ఇచ్చే పద్ధతి అందరికీ నచ్చింది, ఎందుకంటే అవి నిల్వ ఉంటాయి, రైతు దగ్గర కూడా ఉంటాయి. దేనికీ బాధ్యత లేదు అనేవాళ్లతోనూ, అన్నిటికీ గ్యారంటీ అనేవాళ్లతోనూ పొత్తు వద్దు. వ్యవసాయంలో గ్యారంటీ ఇచ్చేవాళ్లు మార్కెట్లో కొని ఇస్తారు.

డబ్బు ఒకరి ఫోన్‌పేకు కాకుండా గ్రూపు పేరున్న బ్యాంకు ఖాతాకు వేయండి, రసీదు తీసుకోండి. 8,000 ఒకేసారి కష్టమైతే జూన్‌లో 4,000, సెప్టెంబర్‌లో 4,000 అని అడగండి. సగానికంటే తక్కువ ముందు ఇస్తామంటే వాళ్లకు పెట్టుబడి అందదు, మీరు కట్టిన ఉద్దేశమే నెరవేరదు.

ఇంట్లో వంట చేసేది ఎవరో నాకు తెలియదు, ఎవరైనా సరే వాళ్లను అడగకుండా చేరకండి. ఇక్కడ కూర మనం ఎంచుకోం, పొలం ఎంచుతుంది. వరసగా మూడు వారాలు గోకర వచ్చినా వండగలగాలి. బుట్ట రాగానే ఆకుకూర రెండు రోజుల్లో అయిపోవాలి, బెండ, బీర నాలుగు రోజుల్లో, దోస, సొర, గుమ్మడి చివరికి ఉంచుకోవచ్చు. పాలకూర, మెంతి కడగకుండా తడి ఆరబెట్టి పాత నూలు గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, ప్లాస్టిక్ కవర్‌లో పెడితే రాత్రికే చెమ్మ పట్టి కుళ్లుతుంది. మిగిలిపోతే మన పెద్దవాళ్లు చేసినట్టు వరుగు పెట్టుకోండి. గోకర, వంకాయ వరుగు డిసెంబర్ ఎండకు మూడు నాలుగు రోజుల్లో తయారవుతుంది, వేసవిలో కూరలు దొరకనప్పుడు పప్పులోకి పనికొస్తుంది. బీరపొట్టు పారేయకండి, పచ్చడి చేసుకోవచ్చు. మీరిద్దరూ ఉద్యోగాలకు పోయి వారంలో మూడు నాలుగు రోజులు బయట తినేవాళ్లయితే పూర్తి వాటా వద్దు, పక్కింటివాళ్లతో కలిసి ఒక వాటా తీసుకుని పంచుకోండి. కుళ్లబెట్టి పారేసేకంటే అది మేలు.

ఇంటికి తెచ్చివ్వడం బాగుంటుంది కానీ, వారానికోసారి ఒకచోటికి పోయి బుట్ట తెచ్చుకునే పద్ధతే అడగండి. ముప్పై ఇళ్లు తిరగడానికి ఒక మనిషి, ఒక బండి, పూటంతా పని. ఆ ఖర్చు మీ బుట్టలో నుంచే పోతుంది. పైగా బుట్ట తెచ్చుకునే చోట రైతు ఉంటాడు, ఈ వారం బెండ ఎందుకు ముదిరిందో అడిగితే అక్కడే చెప్తాడు.

నిర్ణయం మాత్రం జూన్ మొదటి వారంలోపు చెప్పేయండి. ఎన్ని ఇళ్లు అన్నదాన్ని బట్టే వాళ్లు నారు ట్రేలు లెక్కపెట్టుకుంటారు, బెండ సాళ్లు లెక్కపెట్టుకుంటారు. ఆగస్టులో వచ్చి మేమూ చేరతామంటే మీకోసం వేసిన మడి ఉండదు, వేరేవాళ్ల బుట్టలోంచి తీసి ఇవ్వాలి. ఈసారి కుదరకపోతే యాసంగి వాటాకు సెప్టెంబర్‌లోనే పేరు రాయించుకోండి, టమాట, వంకాయ, చిక్కుడు, ఆకుకూరలు మన దగ్గర బాగా పండేది ఆ చలికాలంలోనే.